రాయినడిగి పోసే మందు

కడప సీమలో ఓబులవారిపల్లె మండలం మంగంపేట పేరు వినే ఉంటారు. అక్కడి ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే అతి పెద్ద వాటిలో ఒకటి. పేరు వింటే వాకిట్లో ముగ్గు గుర్తొస్తుంది గానీ, ఈ రాయికి ప్రధాన గిరాకీ చమురు బావుల నుంచే. కారణం దాని బరువు. అంతే పరిమాణం ఉన్న నీటికన్నా నాలుగు రెట్లకు పైగా తూగుతుంది. బావి తవ్వేటప్పుడు దీని పొడిని బురదలో కలిపి లోపలికి పంపిస్తారు. కింద నుంచి ఎగదన్నుకొచ్చే చమురునూ గ్యాసునూ ఆ బురద తన బరువుతో అణిచిపెడుతుంది.

ముగ్గురాయికి రసాయన శాస్త్రం పెట్టిన పేరు బేరియం సల్ఫేట్. పొట్టకు ఎక్స్‌రే తీసేముందు ఆసుపత్రుల్లో తాగించే తెల్లటి ‘బేరియం మీల్’ కూడా ఇదే. నీళ్లలో దాదాపు కరగదు కాబట్టే ధైర్యంగా తాగిస్తారు.

బావి పుట్టేటప్పుడు ఇంత సాయం చేసే ఈ పదార్థమే, తర్వాత అదే బావి పీక నొక్కేస్తుందంటే నమ్ముతారా?

బ్రిటన్‌కు తూర్పున ఉత్తర సముద్రంలో మిల్లర్ అనే చమురు క్షేత్రం ఉండేది. 1992లో మొదలై 2007 దాకా చమురు ఇచ్చింది. 1990లలో అక్కడి ఒక బావి రోజుకు 30,000 పీపాలు పోస్తూ పోస్తూ, సరిగ్గా 24 గంటల్లో సున్నాకి పడిపోయింది. 30,000 పీపాలంటే దాదాపు 48 లక్షల లీటర్లు! నిప్పు లేదు, పేలుడు లేదు, ఎవరూ మీట నొక్కలేదు. గొట్టంలో గార పట్టింది... అంతే.

అవును, గారే. పళ్లకు పట్టేదీ, బోరు నీళ్లు కాచే గీజరు కాయిలు మీద తెల్లగా పేరుకునేదీ ఏ జాతో, ఇదీ ఆ జాతే. చమురు రంగంలో దాన్ని ‘స్కేల్’ అంటారు.

రెండు నీళ్లు కలిస్తే...

చమురు ఒక్కటే భూమిలో ఉండదు. లక్షల ఏళ్లుగా రాతి రంధ్రాల్లో చిక్కుకున్న ఉప్పునీరు కూడా దాని పక్కనే ఉంటుంది. ఉత్తర సముద్రంలో చాలాచోట్ల ఆ నీటిలో బేరియం ఉంటుంది. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ తీరానికి 180 కిలోమీటర్ల దూరాన ఫార్టీస్ అనే క్షేత్రం ఉంది. 1970లో కనుగొన్నారు, 1975లో ఉత్పత్తి మొదలైంది. అక్కడి నేల నీటిలో లీటరుకు సుమారు 250 మిల్లీగ్రాముల బేరియం ఉంది.

చమురు తీస్తున్నకొద్దీ భూమిలో ఒత్తిడి తగ్గుతుంది. దాన్ని నిలబెట్టడానికి పక్క బావుల్లోంచి సముద్రపు నీటిని లోపలికి కొడతారు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేటు ఉంటుంది. విడివిడిగా ఉన్నంతసేపు రెండు నీళ్లూ సాధువులే. కలిశాయా... బేరియమూ సల్ఫేటూ చేతులు కలిపి రాయై కూర్చుంటాయి. లీటరు నీళ్లలో కరిగి ఉండగలిగే బేరియం సల్ఫేటు రెండు మూడు మిల్లీగ్రాములే మరి!

గీజరులో పేరుకునే సున్నపు గార అయితే నయం. నిమ్మ ఉప్పు వేస్తే బుసబుస పొంగి వదిలిపోతుంది. ముగ్గురాయి గార మామూలు ఆమ్లానికి లొంగదు. ప్రత్యేక రసాయనాలతో నానబెట్టాలి, లేదా పనిముట్లు దించి గీకాలి. పైగా భూమిలోని రేడియం కూడా కొంత ఆ గారలో చేరుతుంది కాబట్టి, గీకి తీసిన పొడిని రేడియోధార్మిక వ్యర్థంలా జాగ్రత్త చేయాల్సి వస్తుంది. కాబట్టి తెలివైన పని ఒక్కటే... పట్టకముందే ఆపడం.

రాయికి నీళ్లు పోసే ఉద్యోగం

ఈ లోకం నాకు పరిచయమైంది మా పెద్దమ్మ కొడుకు వల్ల. రాజమండ్రిలో పుట్టి, విశాఖలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఇప్పుడు అబర్డీన్‌లో ఒక ల్యాబులో పనిచేస్తున్నాడు. ఎవరైనా ‘మీ అబ్బాయి ఏం చేస్తాడండీ?’ అనడిగితే పెద్దమ్మ సమాధానం ఒక్కటే.

‘‘రాయికి నీళ్లు పోస్తాడమ్మా. దానికి జీతం కూడా ఇస్తారట!’’

నవ్వుతూ అంటుంది గానీ, ఆ మాటలో చిన్న బెంగ ఉంటుంది. పక్కింటావిడ కొడుకు వంతెనలు కడతాడు, ఎదురింటి పిల్ల కళ్ల డాక్టరు. తన కొడుకు పని మాత్రం నలుగురికీ చెప్పుకోవడానికి వీల్లేకుండా పోయింది. అన్నయ్య కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు నేనే నోట్‌బుక్కు పట్టుకుని కూర్చున్నాను... ఆ రాయి కథేమిటో చెప్పమని.

‘‘ముందు మందు సంగతి విను చెల్లీ’’ అన్నాడు.

గార పట్టకుండా ఆపే మందులున్నాయి. ఫాస్ఫోనేట్లు వాటిలో ముఖ్యమైనవి. వీటి పని విచిత్రం. బేరియాన్నీ సల్ఫేటునూ విడదీయవు. అప్పుడే పుడుతున్న సన్నటి పలుకుల ఒంటికి అంటుకుని, వాటిని పెరగనివ్వవు. అందుకే లీటరుకు కొద్ది మిల్లీగ్రాములున్నా చాలు. ఆ ‘చాలు’ అనే గీత ఒక్కో బావికి ఒక్కోచోట ఉంటుంది. దానికన్నా తగ్గితే మాత్రం మందు ఉన్నా లేనట్టే.

మరి కిలోమీటర్ల లోతులో, నీళ్లు రెండూ కలిసే చోటికి ఆ కొద్ది మిల్లీగ్రాములను నెలల తరబడి, గంట కూడా తప్పకుండా అందించేదెలా? దానికి చమురు ఇంజినీర్లు కనిపెట్టిన ఉపాయం ‘స్క్వీజ్’. బావిని ఆపేస్తారు. మందును సాధారణంగా 5 నుంచి 20 శాతం గాఢతతో నీళ్లలో కలిపి, చమురు వచ్చే దారినే వెనక్కి, రాతిలోకి కొడతారు. దాని వెనక మరికొంత నీరు పంపి ఇంకా లోపలికి నెడతారు. అరరోజో, ఒకరోజో అలా వదిలేస్తారు. ఆలోగా మందు ఇసుకరాయి రేణువులకూ వాటి మధ్యనున్న బంకమట్టికీ అంటుకుంటుంది. తర్వాత బావి తెరుస్తారు. అంటుకోనిదంతా మొదటి రోజుల్లోనే కొట్టుకొచ్చేస్తుంది. అంటుకున్నది మాత్రం వచ్చే నీళ్లలోకి కొంచెం కొంచెంగా కరుగుతూ, కాపలా కాస్తుంది.

ఎన్నాళ్లు? కొన్ని బావుల్లో మూడు నెలలు, కొన్నింట్లో ఏడాది. చిక్కంతా అక్కడే ఉంది. సముద్రం మధ్యకు ఓడలో మందు తీసుకెళ్లి, బావి ఆపి, మళ్లీ మొదలుపెట్టడమంటే బోలెడు ఖర్చు. ముందే వెళ్తే డబ్బు దండగ. ఆలస్యమైతే బావే దండగ. తేదీ ఎవరు చెప్పాలి?

‘‘రాయే చెప్పాలి’’ అన్నాడు అన్నయ్య.

నాలుగు చెంచాల లోకం

బావి తవ్వేటప్పుడు కొన్నిచోట్ల నేలను పొడి చేయకుండా, స్తంభంలా నిలువునా కోసి పైకి తీస్తారు. దాన్ని ‘కోర్’ అంటారు. అందులోంచి ల్యాబువాళ్లు తొలిచి తీసుకునే ముక్క ఎంతుంటుందనుకున్నారు? ఒకటిన్నర అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల పొడవు. బొటనవేలికి అన్నలాంటిది. రాయిలో అయిదో వంతు ఖాళీ ఉందనుకుంటే, ఆ ముక్క లోపల పట్టే నీరు 17 మిల్లీలీటర్లు. మూడు నాలుగు టీ చెంచాలు!

ఆ ముక్కకు రబ్బరు తొడుగు వేసి, ఉక్కు గొట్టంలో బిగించి, చుట్టూ ఒత్తిడి పెట్టి, ఓవెన్లో బావి లోపలి వేడికి తెస్తారు. కొన్నిచోట్ల అది 100 డిగ్రీలు దాటుతుంది. బావిలోని ఉప్పునీటిని అదే పాళ్లలో ల్యాబులో కలుపుకొని రాతిలోంచి పంపి, అది ఎంత తేలిగ్గా దారి ఇస్తోందో ముందే కొలుస్తారు. తర్వాత మందు ఎక్కించి, దాదాపు ఒకరోజు కదపకుండా ఉంచుతారు. మందులో చిటికెడు లిథియం కూడా కలుపుతారు. లిథియం రాయికి అంటుకోదు, నేరుగా వెళ్లిపోతుంది. మందు దానికన్నా ఎంత వెనకబడితే, రాయి అంతగా పట్టుకుందని లెక్క. ఊరేగింపులో ఆగకుండా నడిచే మనిషినీ, ఇంటింటి దగ్గరా ఆగి పలకరించే మనిషినీ పోల్చి చూసినట్టు.

ఇక అసలు పని ఆ తర్వాతే. మామూలు ఉప్పునీరు నెమ్మదిగా పంపిస్తూ, అవతల బొట్టుబొట్టుగా వచ్చేదాన్ని చిన్న గొట్టాల్లో పట్టి, ఒక్కోదాంట్లో ఫాస్ఫరస్ ఎంతుందో కొలుస్తారు. రాతి లోపలి ఖాళీ ఒకసారి నిండేంత నీరు... అదే వీళ్ల కొలత. అలాంటివి వెయ్యి వెళ్లేదాకా చూడాలంటే 17 లీటర్లు, అంటే దాదాపు ఓ పెద్ద బిందెడు. గంటకు 30 మిల్లీలీటర్ల చొప్పున అయితే 24 రోజులు పడుతుంది. రాత్రి పంపు ఆగిందా, గొట్టం కారిందా... మళ్లీ మొదటికి. మళ్లీ మొదలుపెట్టడానికి ఇంకో రాయి ఉండాలి కదా!

ఆ లెక్కలన్నీ కాగితం మీద గీస్తే ఒక గీత వస్తుంది. మొదట ఆకాశంలో ఉండి, జారుడుబండలా పడి, తర్వాత సన్నటి తోకలా చాలాదూరం సాగుతుంది. ఆ తోక పొడవే బావికి అభయం. ‘చాలు’ అనే గీతను తోక ఎక్కడ దాటి కిందికి పోతుందో, అక్కడికి గడువు తీరినట్టు. మందు ఎంత గాఢంగా ఉన్నప్పుడు రాయి ఎంత పట్టుకుంటుందో ఈ గీత నుంచి రాబట్టి, దాన్ని కంప్యూటరుకు ఇచ్చి బావి మొత్తానికి లెక్క కట్టే పద్ధతిని 1990లలో ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయంలో కెన్ సోర్బీ, ఆయన సహచరులు బాగా అభివృద్ధి చేశారు. చెంచాల్లో కొలిచినది పీపాల్లోకి మారేది అలాగే.

ఆఖరి ముక్క

‘‘మందు పనిచేస్తుందో లేదో గాజు సీసాలో చూస్తే సరిపోదా? ఇంత తపస్సెందుకు?’’ అనడిగాను.

అన్నయ్య ఒక సంగతి చెప్పాడు. కొన్నేళ్ల కిందట ఒక బావి కోసం రెండు మందులు వచ్చాయి. సీసా పరీక్షలో రెండోది బ్రహ్మాండం. తక్కువ మోతాదుకే నీళ్లు తేటగా నిలిచాయి. అందరికీ నచ్చింది. ఓడ మాట్లాడుకోవడం కూడా మొదలైంది. తీరా రాతి ముక్కలోకి ఎక్కించాక ఒత్తిడి పెరుగుతూ పోయింది. మందు అక్కడి నీటిలోని కాల్షియంతో కలిసి సన్నటి రంధ్రాల్లో గడ్డకట్టింది. ఎన్ని రోజులు కడిగినా రాయి మునుపటిలా దారి ఇవ్వలేదు. అంటే గార రాకుండా కాపాడాల్సిన మందే గారలా అడ్డుపడిందన్నమాట.

‘ఆ ముక్కే పాడై ఉంటుంది, వదిలెయ్’ అన్నాడట పై అధికారి. ఆ బావి రాయి ఇంకొక్క ముక్కే మిగిలింది. దాన్ని మొదటి మందు కోసం దాచారు. అన్నయ్య దాన్ని కూడా రెండో మందుకే ఖర్చుపెట్టాడు. మళ్లీ అదే ఫలితం. మొదటి మందును బయట క్వారీలో దొరికే, ఆ జాతికి దగ్గరి ఇసుకరాయి మీద చూడాల్సి వచ్చింది. చివరికి సీసాలో రెండో స్థానంలో నిలిచిన మందే బావిలోకి వెళ్లింది. ఓడ ఆలస్యమైంది, మాటలు పడ్డాయి.

‘‘కోపమొచ్చిందా?’’ అన్నాను.

‘‘రాలేదు చెల్లీ. ఆయన ఓడ కిరాయి ఆయన బాధ. కానీ ల్యాబులో రాయి మూసుకుపోతే పోయేది ఒక ముక్క. అక్కడ మూసుకుపోతే? ఆ బావికి ఇంకో బావి లేదు కదా.’’

పెద్దమ్మ మాత్ర

ఈ కబుర్లు జరుగుతున్న రోజుల్లోనే ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. పెద్దమ్మ అంతకుముందు బాత్రూములో జారి, మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముకలు బోలుబారాయని చెప్పి డాక్టరుగారు వారానికో మాత్ర రాశారు. పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట నడుం వాల్చకూడదు, కాఫీ ముట్టకూడదు. పెద్దమ్మ నెల తిరక్కుండా మానేసింది.

‘‘వారానికి ఒక్కటేం మాత్రరా? రోజూ మింగే బీపీ మాత్రకే దిక్కు లేదు. దానికోసం కాఫీ మానుకుని, కర్రలా కూర్చోవాలా?’’

అన్నయ్య మాత్రల అట్ట తెచ్చి పేరు చదివాడు. అలెండ్రోనేట్. చదివి గట్టిగా నవ్వేశాడు.

‘‘అమ్మా, రాయికి నీళ్లు పోస్తానని నవ్వుతావు కదా! నేను పోసే మందుకి ఇది వేలువిడిచిన చుట్టమే. నేనూ రోజూ పొయ్యను. ఒక్కసారి పోస్తే రాయిని పట్టుకుని నెలల తరబడి ఉంటుంది. ఇది నీ ఎముకను పట్టుకుంటుంది. అందుకే వారానికొకటి చాలన్నారు.’’

అతను ఊరికే అన్న మాట కాదది. నీళ్ల గొట్టాల్లో గార పట్టకుండా కొన్ని రకాల ఫాస్ఫేట్లు వాడటం ఎప్పటి నుంచో ఉంది. 1960లలో స్విట్జర్లాండ్‌కు చెందిన వైద్య శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్లైష్, మన ఒంట్లోనే ఉండే పైరోఫాస్ఫేట్ కూడా కాల్షియం గట్టిపడటాన్ని ఆపుతుందని గమనించారు. కానీ అది ఒంట్లో త్వరగా విరిగిపోతుంది. విరగని దాని కోసం వెతికితే తేలినవే బిస్‌ఫాస్ఫోనేట్లు. ఎముకలోని కాల్షియానికి అంటుకుని, ఎముకను తినేసే కణాల జోరు తగ్గిస్తాయి. అంటుకున్న మందు ఏళ్ల తరబడి అక్కడే ఉండి, మెల్లగా వదులుతుంది. బావిలో మందుకీ, పెద్దమ్మ మాత్రకీ చేసే పని వేరు. పట్టుకుని ఉండే గుణం మాత్రం ఒక్కటే.

పెద్దమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

‘‘సరేరా... అది ఎప్పటికి అయిపోతుందో, మళ్లీ ఎప్పుడు పొయ్యాలో నీకెలా తెలుస్తుంది?’’

అన్నయ్య నావైపు చూశాడు. నేను ఇన్ని పేజీలు రాసుకుని తెలుసుకున్న ప్రశ్నకు ఆవిడ ఒక్క అంగలో వచ్చేసింది.

‘‘అది చెప్పడమే అమ్మా నా ఉద్యోగం’’ అన్నాడు.

‘‘మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా! నీళ్లు పోస్తానంటావేం?’’ అని కసిరింది. ఆ ఆదివారం నుంచి మాత్ర మళ్లీ మొదలుపెట్టింది. ఎన్నేళ్లు వేసుకోవాలో, ఎప్పుడు విరామం ఇవ్వాలో మాత్రం డాక్టరుగారు స్కానింగ్ చూసి చెప్పాల్సిందే. అక్కడ అన్నయ్య రాళ్లు పనికిరావు.

రాయికి తెలియనివి

రాయి చెప్పిందల్లా వేదం కాదని మొదట ఒప్పుకునేది దాన్ని పరీక్షించేవాళ్లే. ల్యాబులో నీరు ముక్క ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోతుంది. బావిలో అన్ని వైపుల నుంచీ వచ్చి ఇరుకైన నడుమకు చేరుతుంది. ముక్కంతా ఒకే తీరు రాయి. బావి చుట్టూ పొరలు పొరలు... ఒకటి మందును గటగటా తాగేస్తే, పక్కది గుక్క కూడా మింగదు. పైగా కోర్ తీసి ఏళ్లు గడిచి ఉండొచ్చు. ఎండి, కడిగి, మళ్లీ తడిపిన రాయి భూమిలో ఉన్న రాయిలా అచ్చంగా ఉండదు.

అందుకని లెక్క అక్కడితో ఆపరు. మందు పోశాక సముద్రం మధ్య నుంచి బావి నీళ్లు సీసాల్లో ల్యాబుకు వస్తూనే ఉంటాయి. ఒక్కో సీసాలో మందు ఎంత మిగిలిందో కొలిచి, ముందే గీసుకున్న తోక పక్కన ఒక చుక్క పెడతారు. చుక్కలు తోక మీదే పడితే సంతోషం. కిందికి జారితే గడువు దగ్గరకు జరపాలి. పైన ఉంటే ఓడ ఇంకొన్నాళ్లు ఆగొచ్చు. రెండోసారి మందు పోసేనాటికి ఆ చుక్కలను బట్టి కంప్యూటరులోని లెక్కను సవరిస్తారు. మొదటిసారి రాయి మాట, రెండోసారి రాయి మాటకు బావి చేసిన దిద్దుబాటు.

అన్నయ్య వెళ్లేముందు ఆ గీతల కాగితం ఒకటి పెద్దమ్మకు చూపించాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, తోక వెంట వేలు జరుపుతూ పోయి, చుక్కలు ఆగిపోయిన చోట ఆపింది.

‘‘ఇక్కడి నుంచి ఖాళీగా ఉందేంట్రా?’’

‘‘ఆ వారాలు ఇంకా రాలేదమ్మా’’ అన్నాడు.